మెట్ల మీద అద్దం మెరుపు వద్దు: ఇందిరమ్మ ఇంటి బయట బండల పని ఇలా చేయించుకోండి



మీ ఇంటికి స్లాబు పడింది. లోపల ప్లాస్టరింగ్ నడుస్తోంది. ఇక మిగిలింది బయట పని: ముందు మెట్లు, అరుగు, వెనకాల గిన్నెలు తోముకునే గచ్చు, నల్లా దగ్గర బండ. బండల షాపుకు వెళ్తే అక్కడాయన అద్దంలా మెరిసే గ్రానైట్ చూపిస్తాడు. "ఇది వేయించండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు. మీకూ ముచ్చటేస్తుంది. ఇంత కష్టపడి కట్టుకున్న ఇల్లు, నలుగురూ చూసి బాగుందనాలని ఎవరికి ఉండదు?

అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ నాలుగు పేజీలు చదవండి. చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే గట్టిగా చదివి వినిపించండి.

ఇది ఎందుకు రాస్తున్నానంటే

నేను ఇంజినీరును కాను. జర్నలిజం చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పథకాల సంగతులు మీకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. బండల సంగతి మాత్రం మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

మా ఊళ్లో ఇంటి మెట్లకు పాత నాపరాళ్లు ఉండేవి. అరిగిపోయాయని తీయించి, పాలిష్ గ్రానైట్ వేయించింది నేనే. మేస్త్రీ "బయటికి ఇంత నునుపు వద్దు సార్" అని ఒక్కసారి అన్నాడు. నేను వినలేదు. మొదటి వానకు మా అమ్మ పొద్దున్నే చీపురు పట్టుకుని బయటికొచ్చి, రెండో మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉంది. "బండ అద్దం లెక్క మెరుస్తుంది బిడ్డా, కాలు ఆగుతలేదు" అని అంతకు వారం ముందే చెప్పింది. "అలవాటైతది అమ్మా" అన్నాను.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: ఇంటి లోపల బండ నునుపుగా ఉండొచ్చు, ఇంటి బయట బండ గరుకుగా ఉండాలి. కింద చెప్పినవన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

1. ముందు డబ్బు సంగతి

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకోవడానికి రూ.5 లక్షల సాయం అందుతుంది. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. డబ్బు ఒకేసారి రాదు. పునాది, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తి కావడం, ఇలా దశలను బట్టి లబ్ధిదారు ఖాతాలో పడుతుంది.

ఇక్కడే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. ఆఖరి విడత ఇల్లు పూర్తయ్యాకే వస్తుంది. అంటే బయట బండల పనికి ముందు మీ చేతి నుంచే పెట్టాలి. చేతిలో లేకపోతే వడ్డీకి తెస్తారు. అప్పు తెచ్చి మరీ మెరుపు కొనాల్సిన అవసరం లేదు. బిల్లు రావడానికి మెరిసే రాయి అక్కర్లేదు. తలుపులు, కిటికీలు, మరుగుదొడ్డి, ప్లాస్టరింగ్ పూర్తయ్యాయా లేదా అన్నది ముఖ్యం. ముందు అవి కానివ్వండి. అరుగు కొత్తగా పెంచుతున్నా, మెట్లు ముందుకు జరుపుతున్నా పని మొదలుపెట్టకముందే మీ పంచాయతీ కార్యదర్శిని గానీ, హౌసింగ్ ఏఈని గానీ ఒకసారి అడగండి.

షాపుకు పోయే ముందు కొలతలు ఇంట్లోనే వేసుకోండి. ఉదాహరణకు:

- 3 మెట్లు, ఒక్కోటి 4 అడుగుల పొడవు, అడుగు వెడల్పు: 12 చదరపు అడుగులు
- ఆ మెట్ల నిలువు ముఖాలు, ఒక్కోటి అర అడుగు ఎత్తు: 6 చదరపు అడుగులు
- అరుగు 8 అడుగులు, 3 అడుగులు: 24 చదరపు అడుగులు
- గిన్నెలు తోమే గచ్చు 5 అడుగులు, 4 అడుగులు: 20 చదరపు అడుగులు

మొత్తం 62. కోతలో, విరుగుడులో పోయేదానికి పదో వంతు కలిపితే దాదాపు 68 చదరపు అడుగులు. ఈ లెక్క మీ చేతిలో ఉంటే షాపులో వంద అడుగుల బండ అంటగట్టరు.

2. మీ బండ ఏ జాతిదో తెలుసుకోండి

మన దగ్గర ఇళ్లకు వాడే బండలు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది సున్నపురాయి జాతి. తాండూరు బండ, షాబాదు బండ, కడప నల్ల బండ, బేతంచెర్ల బండ అన్నీ ఇందులోవే. మన పెద్దలు నాపరాయి అనేది దీన్నే. పొరలు పొరలుగా వస్తుంది, కోయడం తేలిక, ధర తక్కువ.

రెండోది గ్రానైట్. కరీంనగర్, ఖమ్మం వైపు క్వారీల నుంచి వస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. చాలా గట్టి రాయి.

చూసి పోల్చుకోలేకపోతే రెండు చిన్న పరీక్షలున్నాయి. బండ మూలన ఇనుప మేకుతో గీయండి. గీత పడితే సున్నపురాయి, పడకపోతే గ్రానైట్. ఇంకోటి, నిమ్మరసం రెండు చుక్కలు వేసి పది నిమిషాలాగి తుడవండి. మెరుపు పోయి తెల్ల మచ్చ మిగిలితే సున్నపురాయి. గ్రానైట్‌కు ఏమీ కాదు.

ఇది తెలియడం ఎందుకంటే, సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మకాయ, చింతపండు, బాత్రూమ్ యాసిడ్ ఏదైనా దాన్ని తినేస్తుంది. చింతపండుతో ఇత్తడి బిందెలు తోముకునే గచ్చుకు పాలిష్ పట్టిన నల్ల బండ వేస్తే, కొన్నాళ్లకే మచ్చలు పడి పాత బండలా కనిపిస్తుంది. అదే గరుకు ముఖం ఉన్న బండైతే మచ్చ అంతగా తెలియదు.

రంగు కూడా చూస్కోండి. నల్ల బండ ఎండకు బాగా కాలుతుంది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచే చోట నల్ల బండ వేస్తే పిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయి. ఎండ పడే చోటికి లేత రంగు తాండూరు బండ మేలు.

3. ముఖం ఎలా ఉండాలి? షాపులో ఏమని అడగాలి?

బండ పైభాగాన్ని పనివాళ్లు ముఖం అంటారు. ఏ చోటికి ఏ ముఖం బాగుంటుందో చూడండి.

సహజ ముఖం: క్వారీలో పొర విడదీసినప్పుడు వచ్చేది. కొంచెం ఎత్తుపల్లాలుంటాయి, కాలు పట్టుకుంటుంది. అరుగుకు, వాకిట్లో నడకదారికి సరిపోతుంది. పాలిష్ కూలి కూడా మిగులుతుంది.

కోత ముఖం: మిషన్‌తో కోసి వదిలేసింది. సమంగా ఉంటుంది కానీ మెరవదు. మెట్లకు, గచ్చుకు మంచిది.

ఉలి ముఖం: ఉలి, సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టింది. రుబ్బురోలుకు గంట్లు కొట్టినట్టు ఉంటుంది. వాలుగా ఉండే చోటికి, ముసలివాళ్లు తిరిగే చోటికి ఇదే గట్టి భరోసా.

ఫ్లేమ్డ్ ముఖం: గ్రానైట్‌ను గ్యాస్ మంటతో కాల్చితే పైన ఉన్న పలుకులు చిట్లి గరుకవుతుంది. గ్రానైటే కావాలనుకునేవాళ్లు మెట్లకు ఇది అడగండి. సున్నపురాయికి ఈ పద్ధతి పనికిరాదు.

అద్దం పాలిష్: వంటగది దిమ్మెకు, ఇంటి లోపలికి. బయట మెట్ల మీదికి వద్దు.

ఒక కిటుకు చెప్తాను. ఇప్పటికే పాలిష్ గ్రానైట్ కొనేసి ఉంటే బండను తిప్పి చూడండి. వెనక వైపు కోత ముఖం ఉంటుంది. అటు వల అతికించి లేకపోతే, ఆ వైపును పైకి వచ్చేలా మెట్లకు వేయించుకోవచ్చు.

4. పరిచేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సినవి

ఎంత మంచి ముఖం ఉన్నా నీళ్లు నిలిస్తే పాచి పడుతుంది. పాచి పడితే గరుకు బండ కూడా జారుతుంది. అందుకని:

వాలు: ప్రతి 4 అడుగులకు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా వాలు ఉండాలి. వాలు గోడ వైపు కాకుండా బయటికి ఉండాలి. ట్యూబ్ లెవెల్ పెట్టి, దారం కట్టి చూపించమని మేస్త్రీని అడగండి. అడిగితే తప్పేం లేదు, మంచి మేస్త్రీ సంతోషంగా చూపిస్తాడు.

మాలు: బండ కింద సిమెంటు మాలు నిండుగా ఉండాలి. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి బండ పడేస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది. బరువు పడ్డప్పుడు అక్కడే పగులుతుంది. ఆరిన తర్వాత సుత్తి కర్రతో మెల్లగా కొట్టి వినండి. డబడబ మంటే డొల్ల. ఆ బండ తీసి మళ్లీ వేయించండి.

సందు: లోపల వేసినట్టు బయట బండకు బండ ఆనించి వేయకూడదు. ఎండకు రాయి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. రెండు రూపాయి బిళ్లలు కలిపి పెట్టినంత సందు వదిలి, తర్వాత ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు సన్న ఇసుక కలిపి నింపాలి.

మెట్ల ఎత్తు: అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండాలి. 6 అంగుళాల దగ్గర ఉంటే పెద్దవాళ్లకు సుఖం. ఒక మెట్టు 5, ఇంకోటి 8 ఉంటే పగలు కూడా కాలు తడబడుతుంది. అడుగు పెట్టే వెడల్పు 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి.

నీళ్లు పట్టడం: వేసిన మర్నాటి నుంచి కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకండి. తడి గోనె సంచులు కప్పితే నీళ్లు తక్కువ పడతాయి. ఆ రోజుల్లో దాని మీద బరువులు దింపకండి.

బండ మీద పడ్డ సిమెంటు పాలు అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడిపించండి. ఎండిపోయాక యాసిడ్ పోసి కడిగే పని పెట్టుకోకండి.

5. ఆఖరి మెరుగు ఎక్కడ ఆపాలి?

మెరుగు పట్టే రాళ్లకు నంబర్లుంటాయి. చిన్న నంబరు గరుకు, పెద్ద నంబరు నునుపు. మామూలుగా 60తో మొదలుపెట్టి 120, 220, 400 అలా పెంచుకుంటూ పోతారు. బయట బండకు 60తో ఎత్తుపల్లాలు తీసి, 120 దగ్గర ఆపేయమనండి. చెయ్యి పెడితే గుచ్చుకోదు, కాలు పెడితే జారదు. 400 దాటిందంటే అది లోపలి పని.

అంచులు: మెట్టు అంచు కత్తిలా ఉండకూడదు. సగం గుండ్రంగా చేయించండి. పిల్లవాడు పడినా తల పగలదు, అంచూ చిట్లదు.

గాళ్లు: మెట్టు అంచుకు అంగుళం లోపల, పొడవునా మూడు సన్నటి గాళ్లు కోయించండి. తడి కాలికి అక్కడ పట్టు దొరుకుతుంది. చూపు తగ్గినవాళ్లకు మెట్టు ఎక్కడ అయిపోయిందో కాలికే తెలుస్తుంది.

నీటి గాడి: కిటికీ కింద, అరుగు అంచున బయటికి పొడుచుకొచ్చిన బండకు అడుగు వైపు ఒక గాడి పెట్టించండి. వాన నీళ్లు గోడ మీదికి పాకకుండా అక్కడే కింద రాలతాయి. ఈ చిన్న గాడి లేకే చాలా ఇళ్ల గోడలకు రెండేళ్లకే నల్ల చారలు పడుతున్నాయి.

పైపూతలు: వార్నిష్, మెరుపు లక్క లాంటివి బయట బండకు వద్దు. అడుగు నుంచి వచ్చే తేమకు దారి మూసుకుపోయి తెల్లబారుతుంది, పొరలుగా లేస్తుంది, పైగా తడిస్తే మరీ జారుతుంది. మచ్చలు పడకూడదంటే రాయిలోకి ఇంకిపోయే రకం సీలర్ అడగండి. బండలు పరిచాక 3 నుంచి 4 వారాలు ఆరనిచ్చి, వాన లేని రోజు చూసి, ముందు ఒక మూల వేసి చూడాలి. ఇంకగా మిగిలింది బట్టతో తుడిచేయాలి. సీలర్ తప్పనిసరేం కాదు. డబ్బు లేకపోతే మానేయండి. వాలు, సందులు మాత్రం మానకండి.

6. ఇప్పటికే నునుపు బండలు వేసేశారా?

అన్నీ పీకేయాల్సిన పని లేదు. మా ఇంట్లో చేసిందే చెప్తాను. అదే మేస్త్రీని పిలిచి, ప్రతి మెట్టు అంచుకూ మూడు గాళ్లు కోయించాం. కాలు పడేచోట జానెడు వెడల్పున ఉలితో గంట్లు కొట్టించాం. ఒక పక్క ఇనుప పైపుతో పట్టుకునే కమ్మీ పెట్టించాం. ఒకటిన్నర రోజు పని. మొదట అన్నప్పుడే విని ఉంటే అదీ తప్పేది. ఇప్పుడు అమ్మ కమ్మీ పట్టుకుని తనే దిగుతోంది.

గంట్లు కొట్టించడం కుదరకపోతే, అప్పటిదాకా మెట్ల మీద గరుకు పట్టీలు అతికించండి. అవి కొన్నాళ్లకు లేచిపోతాయి, చూసి మార్చుకోవాలి.

7. మేస్త్రీ ఊపిరి కూడా మన ఇంటి సంగతే

బండ పొడిగా కోసినప్పుడు తెల్లటి పొగలా దుమ్ము లేస్తుంది. గ్రానైట్ దుమ్ములో కంటికి కనపడని ఇసుక పలుకులుంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతాయి. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. తువ్వాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు.

కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి. ఒక మనిషి సీసాతో సన్నగా పోసినా చాలావరకు దుమ్ము లేవదు. ఎన్95 లాంటి మాస్కు ఇవ్వండి. పిల్లలను, బాలింతలను దూరంగా ఉంచండి. నీళ్లు, కరెంటు కలిసే పని కాబట్టి, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే ఈఎల్‌సీబీ ఉన్న బోర్డు నుంచే వైరు తీసుకోవాలి. అతుకుల వైరు తడి నేల మీద పడేయొద్దు.

మీ ఇంటికి పనిచేసే మేస్త్రీకి ఈ రెండు సంగతులు కూడా చెప్పండి:

భవన నిర్మాణ కార్మికుల కార్డు: 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీ సేవా కేంద్రంలో అడగండి.

పీఎం విశ్వకర్మ: 2023 సెప్టెంబర్ 17న మొదలైన కేంద్ర పథకం. తాపీ మేస్త్రీలు, రాయి చెక్కేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు అందులోని 18 వృత్తుల్లో ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 వరకు, 5 శాతం వడ్డీకి మొదట రూ.లక్ష వరకు, అది సక్రమంగా కట్టాక రూ.2 లక్షల వరకు రుణం ఉంటుంది. కుటుంబంలో ఒకరికే. నమోదు సీఎస్‌సీ కేంద్రంలో.

8. మీకు రాగల సందేహాలు

ప్రశ్న: బండ మీద తెల్లగా పిండిలా వస్తోంది. ఏం చేయాలి?
జవాబు: అది ఉప్పు. తేమతో పాటు కింది నుంచి పైకి వస్తుంది. పొడి బ్రష్‌తో రుద్ది ఊడ్చేయండి. కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో వెతకండి. యాసిడ్ పోయొద్దు.

ప్రశ్న: వానాకాలం పాచి పడుతోంది.
జవాబు: నీళ్లలో కొంచెం బ్లీచింగ్ పౌడర్ కలిపి, కాసేపు ఉంచి, గట్టి చీపురుతో రుద్ది కడిగేయండి. బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: పైసలు అస్సలు లేవు, బండలే వేయలేం.
జవాబు: తప్పేం లేదు. సిమెంటు గచ్చు చేయించి, తడి ఆరకముందే చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. వాలు, నీళ్లు పట్టడం మాత్రం పైన చెప్పినట్టే.

9. ఆఖరి కూలి ఇచ్చే ముందు

1. బిందెడు నీళ్లు పోయండి. పది నిమిషాల తర్వాత ఎక్కడా నిలవకూడదు.
2. తడి బండ మీద చెప్పుల్లేకుండా, పక్కన ఎవరైనా పట్టుకుని ఉండగా, మీరే నడిచి చూడండి.
3. సుత్తి కర్రతో కొట్టి డొల్ల ఉందేమో వినండి.
4. టేపుతో మెట్ల ఎత్తు కొలవండి.
5. అంచుల మీద అరచేయి ఆనించి నిమరండి. గుచ్చుకోకూడదు.
6. సందులన్నీ నిండాయో లేదో చూడండి.

ఇవన్నీ సరిపోతే కూలి ఇచ్చేటప్పుడు ఆ మేస్త్రీకి నాలుగు మంచి మాటలు కూడా చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు పడకుండా చూసేది ఆయన చేతి పనే.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో పెట్టండి. ముఖ్యంగా స్లాబు పడి, ఈ వారం బండల షాపుకు వెళ్లబోతున్న వాళ్లకు తప్పకుండా పంపండి.